క్రియను అడుగు

తలకట్టు అంటే ఏమిటని అడిగితే మా సారు నోటితో చెప్పేవాడు కాదు. భుజం మీది తువ్వాల తీసి తలకు చుట్టుకుని, గడప దగ్గర రొమ్ము విరుచుకుని నిలబడేవాడు. "గిది క. నెత్తికి కట్టున్నది, పానమున్నది, సొంతంగ పలుకుతది" అనేవాడు. ఆ తర్వాత తువ్వాల తీసి చంకలో పెట్టుకుని నడుము వంచేవాడు. "గిప్పుడు గిది పొల్లు. పక్కనోడు చెయ్యి పడితెనే పలుకుతది." దొర గడీ ముందునుంచి పోయేటప్పుడు మా పెద్దలందరూ అట్లాగే తలగుడ్డ తీసి, నడుము వంచి నడిచేవాళ్లు. అందుకని మాకు ఆ పాఠం రెండోసారి చెప్పవలసిన పని పడలేదు. పొల్లు అంటే గింజ లేని ఉత్త పొట్టు అని సేద్యం చేసే ఇళ్ల పిల్లలకు వేరే చెప్పాలా?

నాకిప్పుడు ఎనభై అయిదు నడుస్తోంది. ముప్పై నాలుగేళ్లు బళ్లో తెలుగు చెప్పి పింఛను తీసుకుంటున్నదాన్ని. ఉద్యోగంలో ఉండగా శిక్షణ తరగతులని పిలిచి, రంగు అట్టలు ఊపుతూ, వ్యాకరణాన్ని బొమ్మలతో చెప్పవచ్చునని నిన్ననే కనిపెట్టినట్టు మాట్లాడేవాళ్లు. నాకు ఒళ్లు మండేది. మా సారు ఆ పనిని మేకల కొట్టంలో, బొగ్గుముక్కతో, జాజు ఎర్రమట్టితో చేశాడు. దానికి ఆయనకు ఎవరూ పింఛను ఇవ్వలేదు. ఆయనకు దక్కిందేమిటో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ఆయన పేరు ఇస్రాయేలు. మా ఊరు కేతేపల్లికి రెండు కోసుల దూరం, మూసీకి ఈవలి ఒడ్డు. ఆయన మా ఊరి మాలవాడలోనే పుట్టాడు. గత్తర వచ్చి, వాంతులు విరేచనాలతో తల్లీ తండ్రీ పోతే మిషనువాళ్లు నల్లగొండ తీసుకుపోయి చదివించారు. ఎనిమిదో తరగతి దాకా చదివి, పెళ్లాం నిర్మలమ్మను వెంటబెట్టుకుని తిరిగి ఊరికే వచ్చాడు. పట్నంలో ఉంటే గుమాస్తా అయ్యేవాడేమో. ఎందుకొచ్చావని ఎవరైనా అడిగితే, "గీడ అక్షరం తప్పులున్నయి, దిద్దుదామని వచ్చిన" అని నవ్వేవాడు.

నైజాం రాజ్యంలో సర్కారు బడి అంటే ఉర్దూ బడి. ఇంట్లో మాట్లాడేది ఒకటి, బడిలో చదివేది ఇంకొకటి. తెలుగు బడి పెట్టుకోవాలంటే అనుమతి కాగితం కావాలి. సారు మూడుసార్లు అర్జీ పెట్టుకున్నాడు. మూడుసార్లూ జవాబు లేదు. నాలుగోసారి అర్జీ మానేసి బడి పెట్టాడు. మొదట మాలవాడ, మాదిగవాడ పిల్లలే వచ్చారు. దొరల మీద తిరగబడ్డ సంగం వచ్చి అంటూ ముట్టూ కొంచెం సడలిన తర్వాత కాపుల పిల్లలు ఒకరిద్దరు చేరారు. వాళ్లలో నేనొకదాన్ని. మా నాయిన పోయి అప్పటికి ఏడాది. మా అమ్మ సోమమ్మ నా చెయ్యి పట్టుకుని పట్టపగలు ఊరి నడుమనుంచి తీసుకుపోయింది. ఒక పెద్దమ్మ అరుగు మీదినుంచి, "మాలోని కాడ సదువా?" అని ఉమ్మింది. మా అమ్మ ఆగి, "పిల్ల సదువుకే పోతాంది పెద్దమ్మా, నీ ఇంట్లకు రాదులే" అన్నది. మా అమ్మ నోటి ధాటి అటువంటిది.

బడి ఉన్నట్టు గడీకి తెలియకూడదు. అందుకే వల్లెవేతలు లేవు. గొంతెత్తి "అ ఆ" అన్నామా, తలారి పరిగెత్తుకొస్తాడు. ఆ భయంలోంచే సారు చేతుల చదువు కనిపెట్టాడు. రెండు చేతులు నెత్తి మీద గోపురంలా కలిపితే గుడి. బొటనవేలు, చూపుడువేలు కలిపితే సున్నా. చెయ్యి బారుగా చాపితే దీర్ఘం. వత్తు చెప్పేటప్పుడు ఒకణ్ణి నిలబెట్టి ఇంకొకణ్ణి వాడి కాళ్ల దగ్గర కూర్చోబెట్టేవాడు. ఎప్పుడూ తనే కింద కూర్చోవలసి వస్తోందని మైసయ్య ఏడ్చాడు. వాడు గొర్ల కాపరి కొడుకు, నాకంటే రెండేళ్లు పెద్ద. "ఒరేయ్, వత్తు లేకుంటె అక్క అక అయితది. నువ్వు లేకుంటె అక్కనే లేదు" అని సారు వాణ్ణి బుజ్జగించాడు. బయటినుంచి చూసినవాళ్లకు ముప్పై మంది పిల్లలు నోరు మూసుకుని చేతులు తిప్పుతూ కనబడేవాళ్లు. పిచ్చోళ్ల కొట్టం అని మాకు పేరొచ్చింది.

అక్షరాలు అయినాక వాక్యాలు. పిడికిలి బిగించి పైకెత్తితే కర్త. అరచెయ్యి చాపితే కర్మ. గాలిలో చెయ్యి గిరగిరా తిప్పితే క్రియ. గోడ మీద బొగ్గుతో బొమ్మలు ఉండేవి. "అమ్మ అన్నము పెట్టెను" అని రాసి, ఒక తల్లి పిల్లకు వడ్డిస్తున్నట్టు గీశాడు. ముగ్గురు పిల్లలు వరసగా నిలబడి ఒక్కో మాటా తామే అయ్యేవాళ్లు. అయితే మన మాటల్లో కర్త చాలాసార్లు కనబడడు. "తిన్నది" అంటాం, "పోయిండు" అంటాం, అయిపోతుంది. అప్పుడేం చెయ్యాలి? సారు అక్కడ రెండు మాటలే చెప్పేవాడు. "క్రియను అడుగు. ఎవలు అని అడిగితె కర్త బయటికొస్తడు, దేన్ని అని అడిగితె కర్మ బయటికొస్తది. మనుషులు అబద్ధమాడుతరు గని క్రియ ఆడదు."

తప్పు అంటే ఆయనకు పడేది కాదు. ఒకసారి పక్క ఊరివాళ్లకు పెళ్లి ఉత్తరం రాసిచ్చి ఇంటికొచ్చాక, పిల్ల పేరులో వత్తు మరిచిపోయానని గుర్తొచ్చింది. మిట్టమధ్యాహ్నం మూడు కోసులు నడిచిపోయి, వత్తు పెట్టి, మూడు కోసులు తిరిగొచ్చాడు. వాళ్లెవరికీ చదువు రాదు, ఆ వత్తు లేకపోయినా పెళ్లి ఆగేది కాదు. "ఎవలకు తెల్వకున్నా నాకు తెల్సుగద" అన్నాడట నిర్మలమ్మతో. మా పలకల మీద కూడా అంతే. అయ్యో చిన్నపిల్ల అని ఒప్పు పెట్టడం ఆయన ఎరగడు. ఆయన చేత ఒప్పు అనిపించుకోవడానికి మేము ప్రాణం పెట్టేవాళ్లం. అందరికంటే ఎక్కువ అనిపించుకున్నది నేనే, ఆ గీర నాకు బాగానే ఉండేది.

రజాకార్ల రోజుల్లో కొట్టం రెండు నెలలు మూతబడింది. యూనియన్ మిలట్రీ వచ్చిందని, నైజాం లొంగిపోయాడని తెలిసిన రోజున సారు మాకు బెల్లం ముక్కలు పంచాడు. మొట్టమొదటిసారి గొంతెత్తి వర్ణమాల చదివించాడు. గొంతెత్తడం మాకు చేతకాక నవ్వులపాలయ్యాం. ఆ సంబరం చలికాలం దాకా కూడా నిలవలేదు. సంగంవాళ్లు తుపాకులు దించలేదు, అడవులు పట్టారు. వాళ్లను పట్టుకోవడానికి ఖాళీ పడ్డ గడీలో పోలీసు క్యాంపు పెట్టారు. దొర పోయిన గడీలోంచి మళ్లీ కేకలు వినబడ్డాయి, ఈసారి మా ఊరి మగవాళ్లవి. సారు మళ్లీ మా నోళ్లు మూయించి చేతుల చదువులో పెట్టాడు.

ఆ ఏడు మా చెలకలో జొన్న బాగా పండింది. నేను మంచె ఎక్కి పిట్టల్ని కొడుతున్నాను. మధ్యాహ్నం వేళ చేనులోంచి నలుగురు మనుషులు వచ్చారు. గడ్డాలు మాసి, కళ్లు లోపలికి పోయి ఉన్నాయి. ఒకడి కాలికి గుడ్డ కట్టి ఉంది. మా అమ్మ వాళ్లనేమీ అడగలేదు. మా ఇద్దరికీ వండి తెచ్చుకున్న జొన్న గటక మూట విప్పి, మోదుగాకుల్లో పెట్టింది. వాళ్లు తిని, నీళ్లు తాగి, చేతులు జోడించి పోయారు. నేను మంచె దిగి, "అమ్మా, మనకేది?" అన్నాను. "రేపు తిందాం తియ్" అన్నది. తర్వాత నా రెండు చెంపలు పట్టుకుని కళ్లలోకి చూసింది. "ఎవలడిగినా తెల్వదను. సంపుతమన్నా తెల్వదను. నువ్వు నోరు జారితె నీకు అమ్మ లేదు." నాకు తొమ్మిదేళ్లు. నాయిన లేడు. అమ్మ లేకపోవడమంటే ఏమిటో నాకు అర్థమైంది, అందుకే ఒట్టు వేశాను.

అయిదో రోజున ఆ నలుగురిలో కాలికి గుడ్డ ఉన్నవాడు దొరికాడు. మా ఊరి చేనులో నలుగురికీ అన్నం పెట్టారని చెప్పాడు, పెట్టిన మనిషి పేరు చెప్పలేదు. క్యాంపువాళ్లు ఇంటింటికీ తిరిగి అడిగారు. మా ఇంటికీ వచ్చారు. నన్నూ అడిగారు. "తెల్వదు" అన్నాను. లాఠీ చూపించి అడిగారు. "తెల్వదు" అన్నాను. వాళ్లు పోయాక మా అమ్మ నన్ను ఒళ్లో కూర్చోబెట్టుకుంది. గెలిచాననుకున్నాను.

రెండు రోజులకు వాళ్లు బడి మీదికొచ్చారు. గస్తీ తిరిగే పోలీసు ఒకడు కిటికీలోంచి చూసి, పిల్లలు పిడికిళ్లెత్తి సంగపోళ్ల దండం పెడుతున్నారని, ఏవో రహస్య సైగలు నేర్పుతున్నారని క్యాంపులో చెప్పాడట. ఇన్‌స్పెక్టరు తానే వచ్చాడు. మద్రాసు వైపునుంచి వచ్చిన తెలుగువాడు. ఎర్రగా, నెమ్మదిగా, ఇస్త్రీ బట్టల్లో ఉన్నాడు. మా చేతుల్ని, గోడల్ని చూసి, "ఏమయ్యా పంతులూ, ఏమిటీ నాటకం?" అన్నాడు.

సారు చేతులు కట్టుకుని, పిడికిలి కర్త అనీ, అరచెయ్యి కర్మ అనీ వివరించాడు. ఇన్‌స్పెక్టరు కాసేపు విని నవ్వాడు. నిజంగానే నవ్వాడు, అబద్ధం చెప్పకూడదు. "మా నాన్నగారు తెలుగు పండితులయ్యా. బెత్తంతో నేర్పారు నాకు. ఇలా నేర్పితే ఎంత బాగుండేది!" అని టోపీ తీసి ముక్కాలిపీట మీద కూర్చున్నాడు. "ఏదీ, చేయండి చూద్దాం. రాముడు పండును తినెను."

ముప్పై పిడికిళ్లు లేచాయి, ముప్పై అరచేతులు చాచుకున్నాయి, ముప్పై చేతులు తిరిగాయి. ఆయన చప్పట్లు కొట్టాడు. "ఆవు దూడను నాకెను." చేశాం. "పాలు పిదికెను. ఇందులో కర్త ఏదర్రా?" ఎవరూ చెయ్యెత్తలేదు. నేనెత్తాను.

"వాక్యంల లేదండి."

"లేకపోతే?"

"క్రియను అడగాలె."

"శభాష్! నీ పేరేమిటమ్మా?"

"సుగుణ."

అంత పెద్ద మనిషి, నా పేరడిగి శభాష్ అన్నాడు. మా సారైతే ఒప్పు అని ఊరుకునేవాడు. నేను నేల మీద నిలవలేదు. సారు ముందుకొచ్చి, "అయ్యా, పొద్దు పోతాంది, పిల్లల్ని ఇంటికి పంపుత" అన్నాడు. ఇన్‌స్పెక్టరు చెయ్యి ఎత్తి ఆయన్ని ఆపి, నా వైపే చూస్తూ, అదే పాఠం చెప్పే గొంతుతో అన్నాడు.

"సుగుణా, ఇంకొక్కటి. మొన్న చేనులో నలుగురికి అన్నము పెట్టెను. క్రియను అడుగు."

లాఠీ అడిగితే నేను చెప్పలేదు. పోలీసు అడిగితే చెప్పలేదు. ఇప్పుడు అడిగింది వ్యాకరణం. పెట్టెను, ఎవలు? అని లోపల అడిగాను. మోదుగాకులు కనబడ్డాయి, గటక మూట విప్పుతున్న చేతులు కనబడ్డాయి. నా పిడికిలి లేచింది.

"మా అమ్మ" అన్నాను.

అనేశాక కూడా నేను నవ్వుతూనే ఉన్నాను, శభాష్ కోసం. సారు ముఖం చూశాను. నల్లటి మనిషి, బూడిద పూసినట్టు అయిపోయాడు. అప్పుడు తెలిసింది నాకు ఏం చేశానో.

"తప్పు" అన్నాడు సారు. చాలా గట్టిగా అన్నాడు. "సుగుణా, తప్పు చెప్పినవ్. కూసో." తర్వాత ఇన్‌స్పెక్టరు వైపు తిరిగి, గోడ మీది బొమ్మ చూపించాడు. "అయ్యా, అన్నం పెట్టెను అంటె గా గోడ సూసి అమ్మ అంటరు అందరు. బట్టీ సదువు. పిల్లకు కర్త తెల్వదు."

నాకేమయిందో ఇప్పటికీ చెప్పలేను. భయం ఒకవైపు, ఒప్పును తప్పు అన్నాడన్న ఉక్రోషం ఒకవైపు. "ఒప్పే సారూ, నేను..." అని లేచాను. మైసయ్య నా జడ పట్టి కిందికి గుంజి, నోటికి చెయ్యి అడ్డం పెట్టాడు. వాడు అట్లా చెయ్యకపోతే ఆ రోజే అంతా అయిపోయేది. వాడి చేతిని కొరికాను కూడా.

ఇన్‌స్పెక్టరు బొమ్మ దగ్గరికి పోయి తీరిగ్గా చూశాడు. "బొమ్మ బాగుంది. అయినా ఆ తల్లిని క్యాంపుకు పిలిపిస్తాను. క్రియను నేనే అడుగుతాను."

"అక్కర లేదయ్యా" అన్నాడు సారు. "పెట్టినోణ్ణి నేను."

ఇన్‌స్పెక్టరు చాలాసేపు ఆయన కళ్లలోకి చూశాడు. ఆయన నమ్మలేదు. నమ్మలేదని తొమ్మిదేళ్ల నాకే తెలిసింది. కానీ ఆయనకు కావలసింది ఊరినుంచి ఒక పేరు, ఒక సంతకం. కాగితం తీసి పీట మీద పెట్టి, "రాసివ్వు" అన్నాడు.

సారు నిలబడే వంగి రాశాడు. ఇన్‌స్పెక్టరు అందుకుని పైకి చదివాడు. "చేనులో నలుగురికి అన్నము పెట్టబడినది." చదివి, చిన్నగా నవ్వాడు. "కర్మణి వాక్యమా? మా నాన్నగారు ఉంటే సంతోషించేవారు. కర్తను దాచాలంటే ఇంతకంటే మంచి చోటు లేదు. కానీ పంతులూ, ఎవరిచేత?" అని కాగితం తిరిగి ముందుకు తోశాడు.

సారు కలం తీసుకున్నాడు. తప్పు రాయడానికి చెయ్యి రాని మనిషి. ఒక్క వత్తు కోసం ఆరు కోసులు నడిచిన మనిషి. ఆయన చెయ్యి కాగితం మీద ఆగి ఉండడం నాకు ఇంకా కనబడుతుంది. తర్వాత గుండ్రటి అక్షరాలతో, "నాచేత" అని రాసి, కింద సంతకం చేశాడు.

ఆయన్ని తువ్వాలతోనే చేతులు కట్టి తీసుకుపోయారు.

మా అమ్మకు సంగతి తెలిసి నన్ను కొట్టలేదు. కొడితే బాగుండునని చాలా ఏళ్లు అనుకున్నాను. చీర కొంగు నడుముకు చుట్టి, "గడీకి పోత, నేనే పెట్టిన అని చెప్త" అని బయల్దేరింది. దారిలో మాలవాడ మలుపులో నిర్మలమ్మ అడ్డం నిలబడింది. చంకలో ఏడాది పిల్ల. ఆమె కళ్లు ఏడ్చి ఏడ్చి వాచి ఉన్నాయి.

"ఏడికి సోమమ్మా?"

"నన్ను పోనియ్యి నిర్మలా. నీ పెనిమిటిని తోలిస్త."

"నువ్వు పోతె ఆయనను ఇడుస్తరా? ఇద్దర్ని జైల్ల వెడ్తరు. అప్పుడు ఆయన పోయింది ఉత్తగనే అయితది. ఇంటికి పో." నిర్మలమ్మ నన్ను చూసింది. నేను అమ్మ కొంగు వెనక దాక్కున్నాను. ఆమె ఇంకేదో అనబోయి ఆగి, "పిల్లకు బువ్వ వెట్టినవా?" అని అడిగింది. మా అమ్మ అక్కడే దుమ్ములో కూలబడి ఏడ్చింది.

సారును మూడు రోజులు గడీలో ఉంచి నల్లగొండ జైలుకు పంపారు. రెండేళ్లు ఉంచారు. నిర్మలమ్మ కూలికి పోయింది. మా అమ్మ పండిన జొన్నల్లో సగం ఆమె ఇంటికి మోసింది. కొట్టం మళ్లీ మేకలకు పోయింది.

నేను పలక ముట్టలేదు. ఎవరేమడిగినా "తెల్వదు" అనేదాన్ని. ఆకలి అవుతోందా అంటే తెల్వదు, ఎవరొచ్చారంటే తెల్వదు. ఊళ్లో నాకు తెల్వది సుగుణ అని పేరు పెట్టారు. మా అమ్మ దిష్టి తీయించింది, తాయెత్తు కట్టించింది. జరగకూడనిది జరిగితే తాయెత్తు ఏం చేస్తుంది?

యాభై ఒకటిలో సారు వచ్చాడు. జుట్టు నెరిసింది. గడీలో కొట్టిన దెబ్బలకు కుడి చెవి పోయింది. వచ్చిన మర్నాడే మా వాకిట్లో నిలబడి, "సుగుణ బడికెందుకు వస్తలేదు?" అని అడిగాడు. అప్పటికింకా బడే లేదు. మా అమ్మ కాళ్ల మీద పడబోతే వెనక్కి జరిగాడు. "సారూ, మీకు తెల్సుగద, ఆనాడు చేనుల..." అని అమ్మ మొదలుపెట్టగానే చెయ్యి అడ్డం పెట్టాడు. "నాకేం తెల్వదమ్మా. తెల్సుకునే అక్కర లేదు." తర్వాత నా ముందు గొంతుక్కూర్చున్నాడు.

"ఎందుకు వస్తలేవు?"

"తెల్వదు."

"నాకు తెల్సు. ఒప్పు చెప్పి నన్ను జైలుకు పంపిన అనుకుంటున్నవ్. గంత ఒప్పేం చెప్పినవే నువ్వు? గోడ మీది బొమ్మను సూసి బట్టీ కొట్టినవ్. గోడ మీది వాక్యం వేరు, ఆయన అడిగిన వాక్యం వేరు. తప్పు చెప్పినవ్. తప్పు చెప్పినోళ్లు బడికి రావాలె. పా."

నేను గోడ చూడలేదు. ఆ సంగతి నాకు తెలుసు, ఆయనకూ తెలుసు. రెండేళ్ల తర్వాత మొదటిసారి నా నోట్లోంచి వేరే మాట వచ్చింది. "ఒప్పే సారూ" అన్నాను కోపంగా. "తప్పు" అన్నాడు. "ఒప్పే!" అన్నాను. మా అమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని ఏడుస్తోంది. ఆ కొట్లాటతోనే ఆయన వెనక బడికి నడిచాను.

ఆయన దగ్గర చదివి, సూర్యాపేటలో చదివి, తెలుగు పండితురాలినయ్యాను. నా పిల్లలకూ పిడికిలి, అరచెయ్యి నేర్పాను. ఏటా ఒకసారి ఆయన దగ్గరికి పోయేదాన్ని. ఎప్పుడు పోయినా ఆ మాట వచ్చేది. "యాకరణం నేర్పుతున్నవట, నీకే రాకపాయె. ఆనాడు తప్పు చెప్పినవ్" అనేవాడు. "ఒప్పే సారూ, మీరే ఒప్పుకుంటలేరు" అనేదాన్ని. ఆయన మొండితనానికి నాకు కోపం వచ్చేది. నా ఒప్పు నాకియ్యి, దాని బరువు నేను మోస్తాను అని ఉండేది నాకు. ఆయన నన్ను మొయ్యనివ్వలేదు. ఇంకొకళ్ల పలక మీద సున్నా తప్పితే నిద్రపోని మనిషి, నా విషయంలో ముప్పై ఏళ్లు తెలిసి తెలిసి తప్పు దిద్దాడు. అదెంత కష్టమో నాకు నేను పంతులమ్మనయ్యాక గానీ అర్థం కాలేదు.

ఎనభై ఒకటి ఎండాకాలంలో మైసయ్య కబురు పంపాడు. నకిరేకల్ బడికి సెలవు పెట్టి పోయాను. నిర్మలమ్మ అప్పటికే పోయింది. మా అమ్మా పోయింది. సారు నులక మంచం మీద ఎముకల గూడై ఉన్నాడు. రెండో చెవి కూడా సరిగ్గా వినబడడం లేదు. నన్ను గుర్తుపట్టి, దగ్గరికి రమ్మన్నాడు.

"నేను పోయినంక నీకు తప్పొప్పులు చెప్పెటోడు ఉండడు. గందుకే అడుగుతున్న. ఆనాడు నువ్వు చెప్పింది ఒప్పా, తప్పా?"

ఎప్పటిలాగే ఒప్పే అనబోయాను. ఆయన కళ్లు చూశాను. ఆ కళ్లలో కొట్లాట లేదు. జడుపు ఉంది. తను పోయాక ఈ పిల్ల ఆ రోజును ఒంటరిగా మోసుకుంటూ తిరుగుతుందన్న జడుపు. నాకు నలభై ఒక్క ఏళ్లొచ్చినా ఆయనకు నేను ఇంకా ఆ కొట్టంలో నిలబడి ఉన్న పిల్లనే.

"తప్పు" అన్నాను.

"ఆఁ?"

వంగి, ఎడమ చెవి దగ్గర నోరు పెట్టి అరిచాను. "తప్పే సారూ! గోడ సూసి చెప్పిన! తప్పే!" వాకిట్లో కూర్చున్న మైసయ్య ఉలిక్కిపడి లోపలికి తొంగిచూశాడు.

సారు ముఖం తేటపడింది. మెల్లగా తల ఊపాడు. "ఇన్నేండ్లకు ఒప్పుకున్నవ్. ఇగ నాకు ఫికర్ లేదు" అన్నాడు. కాసేపటికి, "పో బిడ్డా, పొద్దు గూకకముందే బస్సెక్కు" అని కళ్లు మూసుకున్నాడు.

బస్సులో దారి పొడుగునా ఏడుస్తూనే ఉన్నాను. ఎక్కడికమ్మా అని కండక్టరు రెండుసార్లు అడిగాడు. "తెల్వదు" అన్నాను.